ఎవరూ చదవలేనట్టు రాయడం ఎలా? కాప్రా వాసులకు తిరుగులేని చిట్కాలు

చదవగలిగేలా రాసినవాడే ఎప్పుడూ దొరికిపోతాడు. ఏ తగాదా తీసుకున్నా దాని అడుగున ఒక స్పష్టమైన కాయితం ఉంటుంది. అందులో బాకీ ఎంతో ఉంటుంది, తేదీ ఉంటుంది, కింద అందరికీ కనబడేలా సంతకం ఉంటుంది. మనిషిని పట్టిచ్చేది అదే. రాత అర్థం కాకపోతే, అడగడానికి వచ్చినవాడు ముందు చదువుకోవాలి, తర్వాతే అడగాలి. చదవడం దగ్గరే వాడు అలిసిపోతాడు. ఈలోగా మీరు టీ తాగి రావచ్చు.

సింధు లిపిని చూడండి. ఇంతవరకూ అందరూ ఒప్పుకునేలా దాన్ని చదివినవాడు లేడు. నాలుగు వేల ఏళ్ళు దాటినా ఆ ముద్రలు వేసిన వర్తకుల మీద ఒక్క పైసా బాకీ రుజువు కాలేదు. పైగా దాన్ని చదివి చెప్పినవాళ్ళకు పది లక్షల డాలర్లు ఇస్తామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ 2025 జనవరిలో ప్రకటించారు. చక్కని దస్తూరీకి ఎవరైనా అంత సొమ్ము ప్రకటించారా?

చిన్నప్పుడు నాలుగు గీతల కాపీ పుస్తకం ముందేసి, వేళ్ళ మీద స్కేలుతో కొట్టి, గుండ్రంగా రాయమని మనల్ని చాలామంది పాడుచేశారు. ఆ పాడు అలవాటు వదిలించుకోవడానికి కష్టపడనక్కర్లేదు. ఈ విద్య గొప్పతనమే అది. కష్టపడితే రాదు. బద్ధకం ఒక్కటే పెట్టుబడి. హైదరాబాద్‌లో మన కాప్రాలో, నాచారంలో, మల్లాపూర్‌లో, ఉప్పల్‌లో ఉన్నవాళ్ళందరికీ ఈ విద్య అబ్బాలని నా కోరిక. కింద చెప్పినవన్నీ వరసగా పాటించండి.

1. ముందు మీ రాతకు ఒక పేరు ఖాయం చేసుకోండి.

ఎవరైనా మీ కాయితం చూసి మొహం చిట్లిస్తే, వాళ్ళకంటే ముందు మీరే మాట అనేయాలి. "కోడిగీతలు" అనేది ఎదుటివాళ్ళ మాట. అది మీ నోట రానివ్వకండి. మీరు వాడాల్సింది "గొలుసుకట్టు". కరణాలూ పట్వారీలూ కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసుకుపోయిన పద్ధతి అది. వాళ్ళ లెక్కలు వాళ్ళకు తప్ప ఊళ్ళో ఇంకొకరికి అంతుబట్టేవి కావు. ఊరంతా వాళ్ళ అరుగు మీదే ఉండేది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ ఉద్యోగాలను రద్దు చేసింది గానీ ఆ రాతను రద్దు చేయలేదు. దాన్ని నిలబెట్టే బాధ్యత మన మీద ఉంది.

పెద్దవాళ్ళ దగ్గర "బ్రహ్మరాత" అనండి. బ్రహ్మ రాసింది ఎవరూ చదవలేరు, ఎవరూ దిద్దలేరు, ఎందుకలా రాశావని ఎవరూ నిలదీయలేరు. అత్తమ్మ కూడా దండం పెట్టుకుని ఊరుకుంటుంది. ఆఫీసులో "షార్ట్ నోట్సు" అనండి. పిల్లలు అడిగితే "డాక్టర్ రాత" అనండి. అంతటితో వాళ్ళు నోరు మూస్తారు.

2. కూర్చుని రాయకండి.

బల్ల, కుర్చీ, వెలుతురు, ఈ మూడూ రాతకు శత్రువులు. మోకాలి మీద రాయండి, గోడకు ఆనించి రాయండి, ఎదుటివాడి వీపు మీద రాయండి. అన్నిటికంటే మేలైనది ఉప్పల్ నుంచి నారపల్లి వైపు వెళ్ళే బస్సు. అక్కడి ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఆ స్తంభాల పక్కన గుంతల్లో ఏళ్ళ తరబడి తిరిగిన ప్రయాణికుల చేతులకు ఈ విద్య ఉచితంగా వచ్చింది. ముఖ్యమైన అర్జీలన్నీ అలాంటి బస్సులోనే పూర్తి చేయండి. పెన్ను కొనకండి. పెళ్ళిలోనో బ్యాంకులోనో దొరికిన పెన్ను, సిరా అయిపోవస్తున్నది, అయితే సరిపోతుంది. మధ్యలో ఆగిపోతే విదిలించండి. మరక పడిన చోట ఏముందో ఇక ఎవరూ చెప్పలేరు.

3. అక్షరాలను కలిపేయండి.

తెలుగు అక్షరాలు ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. "న"కూ "స"కూ, "వ"కూ "మ"కూ, "ద"కూ "ధ"కూ "థ"కూ ఉన్న తేడా చిన్న గీత, చిన్న చుక్క. ఆ గీతనూ చుక్కనూ మానేయండి. నాచారం సాచారం అవుతుంది, మల్లాపూర్ వల్లాపూర్ అవుతుంది. కాప్రాలో క్రావడి మింగేస్తే కాపా మిగులుతుంది. తలకట్లు ఎగరగొట్టండి. ఒత్తులను కింది పంక్తిలోకి జారనివ్వండి, అవి అక్కడి గుడులతో కలిసి కొత్త అక్షరాలు కడతాయి. అరసున్నాలు పోయినప్పుడు లోకం మునిగిపోలేదు, నిండు సున్నాలు పోయినా మునిగిపోదు.

ఈ చిట్కాను మొదట కిరాణా కొట్టులో ఉద్దెర పుస్తకం మీద అభ్యాసం చేయండి. "నేనే రాస్తానన్నా, మీరు బిజీగా ఉన్నారు" అని పుస్తకం లాక్కోండి. 150ని ఎలా రాయాలంటే, ఒకటికి పైన చిన్న వంపు పెట్టాలి. రేపు మీరు దాన్ని 150 అంటారు, కొట్టాయన 750 అంటాడు. ఇద్దరూ పుస్తకాన్నే సాక్ష్యం తెస్తారు, పుస్తకం ఇద్దరి పక్షానా నిలబడుతుంది. చివరికి ఆయన మీకు ఉద్దెర ఆపేస్తాడు. దాంతో మీరు కాలనీలో అప్పు లేని మనిషి అయిపోతారు. అప్పు తీర్చకుండా అప్పు లేని మనిషి కావడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

4. చిరునామా చేరకుండా చూసుకోండి.

ఇంటికి వచ్చే కాయితాల్లో మంచివి తక్కువ. నోటీసులు, పన్నులు, బీమా గడువులు, పెళ్ళి పిలుపులు, అన్నీ ఖర్చే. అవి మీదాకా రాకుండా ఆపే శక్తి మీ చేతిరాతలోనే ఉంది. మన నగరంలో ఇంటి నంబర్లు అడ్డగీతలతో, వాలుగీతలతో ఒక పంక్తి నిండా ఉంటాయి. వాలుగీతను కొంచెం నిటారుగా నిలబెడితే ఒకటి అవుతుంది. అడ్డగీతను కిందికి వంచితే నాలుగో ఏడో అవుతుంది. బ్లాకు మారుతుంది, వీధి మారుతుంది, కొన్నిసార్లు ఇల్లే మాయమవుతుంది.

అసలు పని పిన్‌కోడ్‌లో ఉంది. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరు అంకెల పిన్ తెచ్చింది. అస్తవ్యస్తమైన చిరునామా కూడా చేరిపోవాలని దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మీరు దాటగలరు. మొదటి మూడంకెలు, 500, హైదరాబాద్‌లో దాదాపు అంతటా ఒకటే. వాటిని శుభ్రంగా రాయండి, అనుమానం రాదు. చివరి మూడంకెల మీద మనసు పెట్టండి. ఈసీఐఎల్ వాళ్ళది 500062. ఆరుకు తోక కత్తిరిస్తే 500002, మీ ఉత్తరం చార్మినార్ చూసి వస్తుంది. ఉప్పల్ వాళ్ళది 500039. తొమ్మిది తల విప్పేస్తే 500034, అది బంజారాహిల్స్. నాచారం వాళ్ళది 500076. ఏడు మెడ వంచితే 500016, అది బేగంపేట. ఎక్కడికి పంపాలో మీరే ఎంచుకునే వెసులుబాటు ఇందులో ఉంది.

ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు రావలసి ఉంటే ఈ చిట్కా తప్పనిసరి. పిలుపు బంజారాహిల్స్‌లో తిరుగుతుంటే మీరు ఇంట్లో పడుకుని, "ఈ దేశంలో ప్రతిభకు విలువ లేదు" అని నిజాయితీగా అనవచ్చు.

5. మందుల చీటీ.

ఈ విద్యలో పెద్దపీట డాక్టర్లదే గనుక ఇక్కడ కొంచెం నిలబడదాం.

మందుల జనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లో మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధన తెచ్చింది. అంతకుముందే నల్లగొండ ఫార్మసిస్టు ఒకాయన ఈ రాతల మీద హైదరాబాద్ హైకోర్టు దాకా వెళ్ళాడు. 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు చదవగలిగే మందుల చీటీ పొందడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. వైద్య కళాశాలల్లో దస్తూరీ పాఠం పెట్టమని కూడా చెప్పింది. ఇవన్నీ చూసి జంకకండి. 2016 నిబంధనలో మీకు కావలసిన మాట ఒకటి ఉంది: వీలైతే. మీకు వీలు కాలేదు. ఓపీలో బయట జనం కిక్కిరిసి ఉన్నారు. అంతే.

2024 జనవరిలో ఒడిశా హైకోర్టు ముందుకు పాముకాటుతో పోయిన మనిషి కేసు వచ్చింది. పోస్టుమార్టం రిపోర్టు జడ్జికి అర్థం కాలేదు. రాసిన డాక్టరే వీడియోలో వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత కోర్టు, డాక్టర్లందరూ పెద్దక్షరాల్లోనో టైపు చేసో రాయాలని ఆదేశాలిచ్చింది. ఆ డాక్టరు రాతలో లోపం ఎక్కడుందో గమనించండి. ఆయనకు అర్థమైంది. రాసినవాడికి అర్థమయ్యే రాత ఇంకా పచ్చిది. మీరు అక్కడ ఆగిపోకండి.

మీరు డాక్టరు కాకపోయినా ఇంట్లో ఈ చిట్కా చక్కగా నడుస్తుంది. నాన్నగారి మందుల పట్టిక మీ చేత్తో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. "రోజుకోసారి" అని రాయకండి. ఓడీ, బీడీ, టీడీఎస్ అని ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో రాయండి, ఓడీలో మొదటి అక్షరాన్ని కొంచెం నొక్కి బీడీలా చేయండి. మోతాదు 1 అయితే పక్కన చుక్కా సున్నా పెట్టి 1.0 అని రాయండి. నూనె చెయ్యి తగిలి చుక్క పోతే అది 10 అవుతుంది. ఇన్సులిన్ 10 యూనిట్లు అయితే యూనిట్లు అని పూర్తిగా రాయకుండా 10 పక్కనే ఇంగ్లిష్ "యూ" అక్షరం తగిలించండి. మూతి కలిస్తే అది 100. మందుల భద్రత చూసే నిపుణులు ఈ రెండు పద్ధతులనూ ఎప్పటినుంచో వద్దు వద్దంటున్నారు. అంతమంది అన్నేళ్ళు వద్దన్నారంటే పద్ధతి పనిచేస్తున్నట్టే.

మాత్రల పట్టీని కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న వైపే ముందు కత్తిరించి పారేయండి. పేరు సగం, కంపెనీ సగం మిగలాలి. మందుల షాపులో "ఆ తెల్లది, గుండ్రంగా ఉండేది" అని అడగండి. షాపు కుర్రాడు ఏదిస్తే అది తీసుకోండి, మళ్ళీ అడిగితే ఆలస్యం.

"ఏదైనా జరిగితే?" అని అడిగేవాళ్ళుంటారు. 1995లో అమెరికాలో, టెక్సస్‌లోని ఒడెస్సాలో, ఒక గుండె డాక్టరు ఐసార్డిల్ అని రాస్తే ఫార్మసిస్టు ప్లెండిల్ అని చదివి ఇచ్చాడు. మోతాదు కూడా ఆ కొత్త మందుకు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు. రోగి బతకలేదు. 1999లో జ్యూరీ ఆ కుటుంబానికి 4,50,000 డాలర్లు ఇప్పించింది. ఇక్కడ మీరు గుర్తుపెట్టుకోవాల్సింది లెక్క: రాసినవాడిదీ చదివినవాడిదీ తప్పు సమానమని తేల్చారు. స్పష్టంగా రాసి తప్పు చేస్తే మొత్తం మీదే. అర్థం కాకుండా రాస్తే సగమే మీది. సగం ధరకు ఇంకేదీ దొరకదు.

6. జెరాక్స్ మీద జెరాక్స్ తీయించండి.

అసలు కాయితం నుంచి ఎప్పుడూ తీయకండి. జెరాక్స్‌కు జెరాక్స్, దానికి మళ్ళీ జెరాక్స్. ఆధార్ మీద మీ మొహం నల్లటి ముద్ద అయ్యేదాకా తీయించండి. ఆ తర్వాత దాని మీద సంతకం పెట్టి, సంతకాన్ని కూడా జెరాక్స్ చేయించండి.

7. బిల్లులను ఎండలో పెంచండి.

ఇప్పుడు దుకాణం బిల్లు, బస్సు టిక్కెట్టు, ఏటీఎం స్లిప్పు అన్నీ వేడికి నల్లబడే పూతపూసిన కాయితం మీదే వస్తున్నాయి. సిరా ఉండదు. ఎండ, నూనె, ప్లాస్టిక్ కవరు, ఈ మూడూ ఆ అక్షరాలను తినేస్తాయి. కాబట్టి కొత్త వాషింగ్ మెషీన్ బిల్లును జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరు స్టవ్ పక్కన అలమరలో దాచండి. లేదా కారు అద్దం ముందు పడేసి ఈసీఐఎల్ చౌరస్తాలో మధ్యాహ్నం నిలిపి ఉంచండి. ఫోటో తీసుకోకండి, ఫోనులో జాగా తగ్గిపోతుంది. మెషీన్ ఆగిపోయే నాటికి మీ చేతిలో తెల్లటి కాయితం ఉంటుంది. వారంటీ రాదు. మెకానిక్‌తో, "బిల్లు ఉంది, అక్షరాలే లేవు" అనండి. మీరు అబద్ధం చెప్పలేదు.

ఈ విషయంలో మన పక్కనే ఉన్న ఈసీఐఎల్‌ను తలుచుకోండి. 1967లో ఎ.ఎస్. రావు గారి సారథ్యంలో మొదలైన సంస్థ అది. ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. దేశంలో ఓటింగ్ యంత్రాలూ, వాటి పక్కన ఉండే వీవీప్యాట్లూ చేసే రెండు సంస్థల్లో అదొకటి. వీవీప్యాట్‌లో మీరు ఓటేసిన గుర్తు ఉన్న చీటీ గాజు వెనక 7 సెకన్లు కనబడి పెట్టెలోకి పడిపోతుంది. ప్రజాస్వామ్యానికే 7 సెకన్లు చాలినప్పుడు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు సెక్రటరీ గారు నోటీసు బోర్డు మీద నెలంతా ఉంచడం ఎందుకు? సెక్రటరీ మీరే అయితే 7 సెకన్లు చూపించి ఫైల్లో పెట్టేయండి. ఆ చీటీలను తర్వాత లెక్కపెట్టడానికి పెట్టెలో భద్రంగా ఉంచుతారన్న సంగతి ఎవరూ ఎత్తకపోతే మీరు ఎత్తకండి.

8. చెక్కు.

సంతకం రోజుకో రకంగా పెట్టండి. ఉదయం పొట్టిగా, సాయంత్రం పొడుగ్గా. అక్షరాల్లో మొత్తం రాసేచోట రెండు కొండలూ ఒక వాగూ గీయండి. అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుందని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. మీ అక్షరాల్లో మొత్తమే లేదు కాబట్టి చెల్లాల్సిందీ లేదు. 2010 డిసెంబరు నుంచి చెక్కు మీద దిద్దుబాట్లు చేస్తే బ్యాంకులు ఒప్పుకోవడం లేదు. అందుకని తప్పకుండా దిద్దండి.

చెక్కు వెనక్కి వస్తే సంబరపడండి, డబ్బు ఇంకా మీ ఖాతాలోనే ఉంది. అవతలివాడు అదే చట్టం 138వ సెక్షన్ కింద నోటీసు పంపిస్తాడు. సంతకం కలవక తిరిగొచ్చిన చెక్కుకు కూడా ఆ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. చెక్కు మొత్తానికి రెట్టింపు జరిమానా, రెండేళ్ళ దాకా జైలు ఉండొచ్చు. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు గడువిస్తారు. ఆ 15 రోజులు దాన్ని విప్పకుండా టీవీ మీద ఉంచండి. నాలుగో చిట్కా సరిగ్గా పాటించినవాళ్ళకు నోటీసు చేరనే చేరదు. తిన్నగా పోలీసులే దారి అడుక్కుంటూ వస్తారు.

9. జాగా కాయితాలు.

మిగతా చిట్కాలతో వందలూ వేలూ పోతాయి. దీనితో లక్షలు, కోట్లు. కాబట్టి శ్రద్ధగా చదవండి.

కాప్రా చుట్టుపక్కల జాగా కొన్నా అమ్మినా తవ్వుకుంటూ పోతే నిజాం కాలం కాయితాలూ, ఆ తర్వాతివీ తగులుతాయి. సేత్వార్, వసూల్ బాకీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. వాటిలో చాలావరకు ఉర్దూలో, చుక్కలు ఎగిరిపోయిన వేగపు రాతలో ఉంటాయి. అవి చదవగలిగే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి అనువాదం చేయించుకోకండి. అనువాదం చేయిస్తే జాగా ఎవరిదో తెలిసిపోతుంది. తెలియనంతకాలం అది మీదే. పెట్టెలో అడుగున, కలరా ఉండల పక్కన పడేసి, చుట్టాలొచ్చినప్పుడు తీసి చూపించండి. "మా తాతగారి కాయితాలు" అని అనండి. ఏం రాసుందో అడిగితే "అంతా మన గురించే" అనండి.

కొనేటప్పుడు కూడా ఇదే. అమ్మేవాడు చదవలేని కాయితం ఇస్తే మహా ప్రసాదంగా తీసుకోండి. సర్వే నంబరు పక్కన "/1" ఉందో, "/7" ఉందో అడిగి మర్యాద పోగొట్టుకోకండి. లాయరుకు చూపిస్తే ఫీజు అడుగుతాడు. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీస్తే ముందు ఎవరికి అమ్మారో కనబడి మనసు పాడవుతుంది.

దస్తావేజు మీరే రాయించేటప్పుడు హద్దుల దగ్గర నాలుగు దిక్కులా "ఖాళీ జాగా" అని రాయించండి. గజాలు దిద్దండి, పేర్ల మధ్య ఖాళీలు వదలండి, పంక్తుల నడుమ సన్నగా ఇంకో పంక్తి ఇరికించండి. కొట్టివేతలూ ఖాళీలూ ఇరికింపులూ ఉన్న చోట రాసినవాళ్ళు సంతకం పెట్టకపోతే దస్తావేజును తిప్పి పంపొచ్చని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షన్ అంటుంది. సబ్ రిజిస్ట్రార్‌కు అర్థం కాని భాషలో ఉండి, అనువాదం జత చేయకపోయినా తిప్పి పంపాలని 19వ సెక్షన్ అంటుంది. తిప్పి పంపితే నష్టం ఏముంది? ఆఫీసుకు ఇంకో రోజు సెలవు. ఈలోగా అమ్మినవాడు అదే జాగాను ఇంకొకరికి శుభ్రమైన అక్షరాల్లో రిజిస్టర్ చేసి ఇస్తాడు. అప్పుడు మీకు జాగా పోషణ ఖర్చు తప్పుతుంది: ప్రహరీ గోడ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు, పన్ను అక్కర్లేదు.

భూముల పోర్టల్ ధరణి 2020 అక్టోబరులో వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి వచ్చింది. మీ పేరు అందులో తప్పు పడితే సరిచేయించకండి. ఇంకో పోర్టల్ వచ్చేదాకా ఆగండి. తొందరపడ్డవాడు రెండుసార్లు తిరగాలి.

10. కంప్యూటర్ మీద కూడా రాత పాడుచేయొచ్చు.

టైపు చేస్తే అందరికీ అర్థమైపోతుందని కొందరు దిగులు పడుతుంటారు. దిగులు వద్దు. 1991లోనే తెలుగుకు యూనికోడ్‌లో చోటు దొరికింది, దాన్ని పట్టించుకోకండి. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించి, పీడీఎఫ్ చేయకుండా ఫైలు అలాగే పంపండి. అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే మీ అర్జీ తలమీద చుక్కలున్న ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా తెరుచుకుంటుంది. "మా దగ్గర బాగానే కనబడుతోంది సార్" అనండి. ఇది ఈ చిట్కాలన్నిటిలోకీ బలమైన వాక్యం. మీ దగ్గర నిజంగానే బాగా కనబడుతుంది.

ఇక మన అక్షరం బలం తెలియాలంటే 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోండి. "జ్ఞా" అన్న ఒక్క అక్షరం మెసేజీగా వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. దాన్ని ఆపడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చింది. మనది ప్రపంచాన్ని ఆపగలిగిన లిపి. దాన్ని అందరూ చదివేలా రాసి చులకన చేయకండి.

11. అక్షరాలు బాగున్నా అర్థం కాకూడదు.

ఇది పై తరగతి పాఠం. సొసైటీ కార్యదర్శులు, చిన్న ఉద్యోగులు, నోటీసులు రాసేవాళ్ళు దీన్ని కంఠతా పట్టాలి. కర్తను వాక్యం మొదట్లో పెట్టి క్రియను రెండో పేజీలో పెట్టండి. మధ్యలో "పైన పేర్కొనబడిన దానికి లోబడి" అని ఏడెనిమిది చోట్ల వేయండి. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన అద్దె తగాదా తీర్పు ఒకటి 2017లో సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆ ఇంగ్లిష్ అర్థం కాక సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, మళ్ళీ రాయమని వెనక్కి పంపింది. అక్షరాలన్నీ శుభ్రంగా అచ్చులో ఉన్నాయి. గెలిచినవాళ్ళకు ఆ గెలుపు నిలవలేదు. మీ అపార్ట్‌మెంట్‌లో మంచినీళ్ళ ట్యాంకు కడిగే తేదీని ఇదే పద్ధతిలో ప్రకటించండి. ఎవరూ నీళ్ళు పట్టుకోరు, ఎవరూ మిమ్మల్ని తప్పుబట్టలేరు. నోటీసు ఉంది కదా.

12. సాకులు చేతిలో ఉంచుకోండి.

పై అధికారి అడిగితే: "సార్, తొందరలో రాశాను, మీకు చెప్తాను కదా." చెప్పేటప్పుడు సగం మింగేయండి. టీచరు అడిగితే: "మేడం, వేలు బెణికింది." ఏ వేలో ముందే నిర్ణయించుకోండి, రెండోసారి అడుగుతారు. బ్యాంకులో: "కళ్ళజోడు ఇంట్లో మరచిపోయాను." వాళ్ళు వాళ్ళ కళ్ళజోడు ఇవ్వబోతే, "నాది వేరే నంబరు" అనండి. వదిన వంట చీటీ చదవలేక ఉప్పు చోట పప్పు వేస్తే: "నేను సరిగ్గానే రాశాను వదినా, మీరే తలకిందులుగా పట్టుకున్నారు." వాచ్‌మెన్ రిజిస్టర్లో సంతకం గుర్తుపట్టలేదంటే: "గుర్తుపట్టకూడదనే కదా సంతకం పెట్టేది!" పరీక్షల్లో తప్పిన పిల్లవాడికి: "పేపర్ దిద్దినవాడికి చదువు రాదు." ఈ ఒక్క మాటతో వాడు మూడేళ్ళు అదే క్లాసులో ప్రశాంతంగా ఉండగలడు.

13. వీలునామా.

ఇన్నాళ్ళ సాధనకు ఫలితం ఇక్కడ చూడాలి. వీలునామాకు స్టాంపు కాయితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్ల కాయితం, మీ సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు. ఇంత సుళువైన పనిని టైపు చేయించి చెడగొట్టకండి. మీ సొంత గొలుసుకట్టులో, ఆగిపోతున్న పెన్నుతో, మంచం మీద పడుకుని రాయండి. నాచారం ఇల్లు ఎవరికో రాసేచోట పేరు మీద నీళ్ళ గ్లాసు పెట్టండి. పెద్దవాడి పేరూ చిన్నవాడి పేరూ ఒకే అక్షరంతో మొదలైతే ఆ ఒక్క అక్షరమే రాసి వదిలేయండి. సాక్షులుగా మీకంటే పెద్దవాళ్ళను పెట్టండి, రేపు వచ్చి చదివి చెప్పడానికి ఉండకూడదు.

రాసినవాడి ఉద్దేశం నిర్దిష్టంగా తెలియని వీలునామా చెల్లదని 1925 నాటి భారత వారసత్వ చట్టం 89వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. చెల్లకపోవడమే మీకు కావాలి. చెల్లే వీలునామా అయితే దినవారాలు అయ్యేలోపు పంచుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు, మిమ్మల్ని తలుచుకునేవాడుండడు. చెల్లనిది అయితే ఇద్దరు కొడుకులూ కూతురూ ఇద్దరేసి లాయర్లను పెట్టుకుని ప్రతి వాయిదాకూ మీ పేరు పిలిపిస్తారు. దస్తూరీ నిపుణుడు భూతద్దం పెట్టి మీ అక్షరాలను చూస్తాడు. ఇంట్లో ఎవరూ అంత శ్రద్ధగా మీ రాత ఎప్పుడూ చూసి ఉండరు. ఇంటికి తాళం పడుతుంది, పైకప్పు కారుతుంది, అన్నదమ్ములు పండగకు మాట్లాడుకోరు. ఆస్తి మాత్రం ఒక్క గజం కూడా చేతులు మారదు. ఆస్తిని ఇంత భద్రంగా కాపాడిన తండ్రి కాప్రా సర్కిల్ మొత్తంలో ఇంకొకరు ఉండరు.

మీ రాత ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే ఇవాళే మీ బ్యాంకు ఖాతాలు, అప్పులు, మందులు, తాళంచెవులు పెట్టిన చోట్లు ఒక కాయితం మీద రాసి దాచుకోండి. వచ్చే నెల తీసి మీరే చదవండి. అందులో ఒక్క మాట అర్థమైనా మీకింకా రాలేదు, ఒకటో చిట్కా నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.